కట్టెల స్టవ్ చిమ్నీ నేనే శుభ్రం చేసుకోవచ్చా? శనివారం పైకప్పు ఎక్కుదామనుకుంటున్నా

కొత్తిల్లు_603

అందరికీ నమస్కారం. మేము మొన్న జులైలో అమెరికాలోని న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలో, నాషువా నుంచి ఓ గంట దూరంలో, 1978లో కట్టిన ఇల్లు కొన్నాం. హాల్లో ఓ మూల కట్టెల స్టవ్ ఉంది. దాని మీంచి నల్ల రేకు గొట్టం పైకి వెళ్లి గోడలోకి దూరి బయటవైపున్న ఇటుక చిమ్నీలో కలుస్తుంది, లోపల 6 అంగుళాల స్టీలు లైనర్ (ఇటుకల లోపల పొగ పోయే గొట్టం) ఉందని ఇల్లు అమ్మినాయన చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ స్టవ్ చూసే ఇల్లు నచ్చింది, మంచు పడుతుంటే దాని ముందు కూర్చుని టీ తాగడం అదీ ఊహించేసుకున్నా.

ఆయన పోతూపోతూ ఓ రెండు కార్డుల కట్టెలు కూడా వదిలేసి వెళ్లాడు (ఇక్కడ కట్టెలు కార్డుల లెక్కన అమ్ముతారు, ఒక కార్డు అంటే 128 ఘనపుటడుగులు). పెరట్లో నీలం టార్పాలిన్ కప్పి ఉన్నాయి. అక్టోబర్ నుంచి వాటినే వాడుతున్నాం. పడుకునే ముందు రెండు పెద్ద మొద్దులు వేసి గాలి మీట దాదాపు మూసేస్తా, పొద్దుటిదాకా సన్నగా కాలుతూ ఉంటుంది. బానే ఉంది అనుకున్నా కానీ ఈమధ్య తలుపు గాజు పొద్దునకల్లా మూకుడు అడుగులా నల్లగా అయిపోతోంది, ఇల్లంతా తారు రోడ్డు వేస్తున్న వాసన, గొట్టం జాయింట్ దగ్గర గోధుమరంగులో ఏదో కారి గట్టిపడింది. ఇంకోటి, మా ఆవిడ తాలింపు వేస్తూ వంటపొయ్యి పైన ఘాటు బయటికి లాగే హుడ్ ఫుల్ స్పీడ్‌లో పెట్టిందంటే స్టవ్‌లోంచి పొగ హాల్లోకి వస్తోంది!

పక్కింటాయన్ని అడిగితే ఆ చిమ్నీ ఎవరైనా దులపగా చూసి మూడేళ్లు అయిందన్నాడు. గరాజ్‌లో పొడవాటి రాడ్లు, తీగల బ్రష్ ఒకటి దొరికాయి. ఈ శనివారం నిచ్చెన వేసుకుని పైకప్పు ఎక్కి పైనుంచి దులిపేద్దామని ప్లాన్. రెండంతస్తుల ఇల్లు, కప్పు కాస్త వాలుగానే ఉంటుంది. మా ఆవిడేమో "బల్బు మార్చాలంటే కుర్చీ పట్టుకోమని పిలిచే మనిషివి నువ్వు" అంటోంది. చిమ్నీ దులిపే వాళ్లకి ఫోన్ చేస్తే మూడు వారాలు ఆగాలన్నారు. మీలో ఎవరైనా సొంతంగా చేసుకున్నారా? ఎన్నాళ్లకోసారి చేయాలి? ఇది నిజంగా అంత టెన్షన్ పడాల్సిన విషయమేనా?

వెర్మాంట్‌వాసి

టెన్షన్ పడాల్సిందేనండీ. ఇది చదివాక చిమ్నీ చూపించేదాకా ఆ స్టవ్ వెలిగించకండి. మూడు వారాలైనా సరే, ఆగండి. పదకొండేళ్లుగా కట్టెలతోనే ఇల్లు వెచ్చగా ఉంచుకుంటున్నాను, మొదటి రెండేళ్లు మీలాగే చేశాను కాబట్టి చెబుతున్నా.

మీ గొట్టంలో పేరుకున్నదాన్ని క్రియోసోట్ అంటారు. కట్టె సరిగ్గా మండనప్పుడు పొగలో తారు ఆవిర్లూ నీటి ఆవిరీ కలిసి పైకి పోతాయి. గొట్టం లోపల వేడి 250 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గిందంటే అవి గోడకి పట్టేస్తాయి, చల్లటి మజ్జిగ గ్లాసుకి బయట చెమట పట్టినట్టు. మొదట్లో అది మామూలు మసే, బ్రష్ తగిలితే రాలిపోతుంది. ఆ దశ దాటితే నల్లటి పెళుసు పెచ్చులు కడుతుంది, కాస్త గట్టిగా రుద్దాలి. అదీ దాటితే కరిగించి పోసిన తారులా మెరుస్తూ గోడకి అతుక్కుపోతుంది. ఇక దాన్ని ఏ బ్రష్షూ కదిలించలేదు, మందు చల్లి పెళుసు చేసి తీయడమో, గొలుసులు తిప్పే మిషన్‌తో కొట్టడమో, ఒక్కోసారి లైనరే మార్చడమో చేయాలి. జాయింట్ దగ్గర కారి గట్టిపడింది అన్నారు చూడండి, అది చదివే నాకు గుండె జారింది.

అది అంటుకుంటే దాన్నే చిమ్నీ ఫైర్ అంటారు. లోపల వేడి 2000 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వెళ్లగలదు. మట్టి పెంకుల లైనింగ్ అయితే పగిలిపోతుంది, స్టీలు అయితే వంకర్లు పోతుంది. ఆ సందుల్లోంచి వేడి గోడలోని చెక్కకి తగిలితే ఇల్లే అంటుకుంటుంది. పెద్ద గూడ్స్ బండి ఇంటి మీంచి పోతున్నట్టు హోరు వస్తుందని చెబుతారు, కానీ అన్నిసార్లూ అలా రాదు, మెల్లగా కాలి ఆరిపోయినవి కూడా ఉంటాయి, ఇంట్లోవాళ్లకి తెలియనే తెలియదు. ఎప్పుడైనా అలాంటి హోరు వినిపిస్తే స్టవ్ తలుపు, గాలి మీట మూసేసి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి. నీళ్లు మాత్రం పోయకండి. కాగుతున్న గొట్టంలో నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరైపోతాయి, ఆ దెబ్బకి చిమ్నీయే పగలొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు శనివారం ఎంత బాగా దులిపినా ఇలాగే కాలుస్తూ పోతే రెండు నెలల్లో మళ్లీ ఇదే కథ. తప్పు చిమ్నీది కాదు, కట్టెలదీ రాత్రి మూసేసే ఆ గాలి మీటదీ. నీలం టార్పాలిన్ నేలదాకా కప్పితే కట్టె ఎండదండీ, ఉడుకుతుంది. పైన మాత్రం కప్పి పక్కలు వదిలేయాలి, గాలి ఆడాలి. ఓక్ అయితే చీల్చి పేర్చాక రెండేళ్లు పడుతుంది, మేపుల్, బర్చ్ అయితే ఏడాదిలో అవుతాయి. హార్డ్‌వేర్ షాపులో 30 డాలర్లకి తేమ కొలిచే మీటర్ దొరుకుతుంది, కొనండి. మొద్దు పైన గుచ్చి చూడకండి, అక్కడ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. గొడ్డలితో చీల్చి ఆ లోపలి తాజా ముఖం మీద గుచ్చండి. 20 శాతం లోపు ఉంటేనే స్టవ్‌లోకి.

మీ చిమ్నీ ఇంటి బయటవైపు గోడకి ఉంది కదా, అది ఇంకో శత్రువు. మూడు వైపులా చలిగాలి కాబట్టి పొగ త్వరగా చల్లారిపోతుంది. లైనర్ చుట్టూ ఇన్సులేషన్ ఉందో లేదో అడగండి.

ఈసారికి మీరు చేయకండి, సర్టిఫికెట్ ఉన్న మనిషినే పిలవండి. చిమ్నీ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా అని ఒక సంస్థ ఉంది, వాళ్ల సైట్‌లో పిన్‌కోడ్ కొడితే మీ దగ్గర్లో ఉన్నవాళ్లు వస్తారు. ఫోన్‌లో "లెవెల్ 2 తనిఖీ కావాలి" అని చెప్పండి. ఎన్‌ఎఫ్‌పీఏ 211 అని ఇక్కడి అగ్నిభద్రత ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఇల్లు చేతులు మారినప్పుడు చేయించాల్సింది అదే, గొట్టంలోకి కెమెరా దించి చూస్తారు. ఇల్లు కొనేటప్పుడు వచ్చిన ఇన్‌స్పెక్టర్ టార్చ్ వేసి చూసి "బాగుంది" అని రాసి ఉంటాడు, అది లెక్కలోకి రాదు. లైనర్ ఉందన్న అమ్మినాయన మాట కూడా కెమెరా చూశాకే నమ్మండి. మా ఇల్లు కొన్నప్పుడు స్టవ్‌కి కొత్తగా నల్ల పెయింట్ వేసి మిలమిలా మెరిపించారు, అక్షరాలా మసిపూసి మారేడుకాయ. వెనక పలక పగిలి ఉందని మేం మొదటి చలికాలం అయ్యాక కానీ కనిపెట్టలేదు.

డల్లాస్_కూల్

బ్రో, ఇంత గోల ఎందుకు, 2 టన్నుల హీట్ పంప్ (ఏసీలాగే కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టేది) పెట్టించుకుని స్టవ్ మీద పూలకుండీ పెట్టండి 😀 మా ఊళ్లో చిమ్నీ అంటే క్రిస్మస్‌కి డెకరేషన్ కట్టేది.

వెర్మాంట్‌వాసి

డల్లాస్‌లో కూర్చుని అలాగే అంటారులెండి. ఇక్కడ 2008 డిసెంబర్‌లో మంచువాన పడి చెట్లన్నీ గాజుకడ్డీల్లా విరిగి కరెంటు తీగల మీద పడితే న్యూహ్యాంప్‌షైర్‌లో కొంతమందికి వారం దాటినా కరెంటు రాలేదు. కరెంటు లేకుండా హీట్ పంప్ తిరగదు, గ్యాస్ ఫర్నేస్ ఫ్యాను కూడా తిరగదు. ఆ రోజుల్లో కట్టెల స్టవ్ ఉన్న ఇంట్లో వీధిలోవాళ్లంతా పడుకున్నారని మా పక్కింటి ముసలాయన ఇప్పటికీ చెబుతుంటాడు.

మిషిగన్_మామ

తమ్ముడూ, పైన చెప్పినదంతా నిజమే, ఈసారికి మనిషిని పిలువు. కానీ ప్రతిసారీ పిలవక్కర్లేదు, నేను ఆరేళ్లుగా మధ్యలో నేనే చేసుకుంటున్నా, ఏడాదికోసారి మాత్రం వాళ్లని పిలిచి చూపిస్తా. నా పద్ధతి రాస్తా, వచ్చే ఏడాదికి దాచుకో.

మొట్టమొదట, కప్పు ఎక్కడం మర్చిపో. నవంబర్‌లో పొద్దున పూట ఆ కప్పు మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది, నీకు చిమ్నీ ఫైర్ కంటే ముందు నడుం విరుగుతుంది. కింది నుంచే చేయొచ్చు. మామూలు డ్రిల్‌కి తగిలించే వంగే రాడ్లు వస్తాయి, చివర ప్లాస్టిక్ తీగల తల ఉంటుంది, ఒక్కో రాడ్డూ కలుపుతూ పైకి పంపుతూ తిప్పడమే. ఒక్కటే జాగ్రత్త, డ్రిల్ ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. పొరపాటున రివర్స్‌లో నొక్కావంటే రాడ్లు మరలు ఊడి తల చిమ్నీ మధ్యలో ఉండిపోతుంది, నాకు తెలిసినాయన ఒకాయన అలాగే చేసి దాన్ని తీయించడానికి ఇంకొకడికి డబ్బులిచ్చాడు. ఆ గరాజ్‌లో దొరికిన ఇనుప తీగల బ్రష్ మట్టి పెంకుల లైనింగ్‌కి. నీది నిజంగా స్టీలు లైనరే అయితే గీతలు పడొచ్చు, లైనర్ కంపెనీ కాగితం ఏ బ్రష్ అంటే అదే వాడు.

స్టవ్ పూర్తిగా చల్లారి ఒకటి రెండు రోజులు అయ్యుండాలి. బూడిద తీసేశాక స్టవ్ లోపల పైకి చూడు, కప్పులాగా అడ్డంగా ఒక పలక ఉంటుంది, బాఫిల్ అంటారు, కొన్నిట్లో ఇటుకలు, కొన్నిట్లో తెల్లటి తేలికపాటి పలకలు. దాన్ని జాగ్రత్తగా తీసేయాలి, ఆ తెల్లవి కాస్త గట్టిగా పట్టుకుంటే విరుగుతాయి. నేను మొదటిసారి దాన్ని తీయకుండానే దులిపేశా. రాలిన మసి అంతా దాని మీదే కుప్పపడి పొగ దారి మూసుకుపోయింది. శుభ్రం చేశాక ముందుకంటే ఎక్కువ పొగ వస్తోందేంట్రా అని రెండు రోజులు జుట్టు పీక్కున్నా.

తర్వాత స్టవ్ తలుపు తీసి దానికి ప్లాస్టిక్ షీట్ టేప్ వేసి అంటించి, మధ్యలో చిన్న చిల్లు చేసి రాడ్డు అందులోంచి పంపు. మసి మీద పడకుండా ఉంటుంది. పడదు అని కాదు, తక్కువ పడుతుంది. అయ్యాక ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్ తెచ్చి పెట్టకు. ఆ మసి ఎంత మెత్తనిదంటే సంచిలోంచి నేరుగా వెనక నుంచి బయటికి వచ్చేస్తుంది. మా తెల్ల సోఫా ఇప్పుడు బూడిదరంగు సోఫా, మీ వదిన ఇప్పటికీ ఆ ఊసెత్తితే మాట్లాడదు. మెత్తటి దుమ్మునీ పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదో, బూడిద కోసమే చేసినదో వాడాలి, అది కూడా నిప్పు అసలు లేదని తేలాకే.

ఎన్నాళ్లకోసారి అన్నావు కదా. ఏడాదికోసారి చూడటం తప్పనిసరి, తీయడం మాత్రం పేరుకున్నదాన్ని బట్టి. గొట్టం విప్పిన చోట స్క్రూడ్రైవర్‌తో గీకి చూడు, 3 మిల్లీమీటర్ల మందం ఉంటే, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఇక ఆగకూడదు. మెరిసేది కనిపిస్తే మందంతో పనిలేదు, వెంటనే ఫోన్ చేయాలి. కట్టె మంచిదైతే నాకు సీజన్ మొత్తానికి ఓ రెండు కప్పుల మసి వస్తుంది, అంతే. ఏప్రిల్, మే నెలల్లో చేయించుకో, అప్పుడు వాళ్లకి పని తక్కువ, రేటూ తగ్గొచ్చు, పైగా వేసవి ఉక్కకి ఆ మసి చెమ్మ పట్టి ఇల్లంతా కంపుకొట్టకుండా ఉంటుంది. మరీ జూన్ దాకా ఆగకు, లైనర్ లేని ఇటుక చిమ్నీల్లో చిమ్నీ స్విఫ్ట్ అనే పిట్టలు గూళ్లు పెడతాయి, 1918 నాటి వలస పక్షుల చట్టం కింద గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కదిలించకూడదు. మాకు హాల్లో ఇంకో పాత ఫైర్‌ప్లేస్ ఉంది, ఒక వేసవంతా ఆ కిచకిచలు వింటూ కూర్చున్నాం.

షాపుల్లో "ఈ దుంగ కాలిస్తే చిమ్నీ దానంతటదే శుభ్రం" అని అమ్ముతారు. అది గట్టి తారుని కాస్త పెళుసు చేస్తుంది, అంతవరకే, రాలగొట్టడానికి బ్రష్ కావాల్సిందే.

నైట్‌డ్యూటీ_నర్స్

మిన్నెసోటాలో ఎమర్జెన్సీలో పనిచేస్తాను. అందరూ మంట గురించే రాశారు. నాకు భయం వేసింది మాత్రం ఆ తాలింపు మాటకి. హుడ్ పెట్టగానే పొగ హాల్లోకి వస్తోంది అంటే పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా వస్తోందన్నమాట. పొగ కనిపిస్తుంది, వాసనొస్తుంది. ఇది కనిపించదు, వాసన ఉండదు, రాత్రి మంట చల్లారి నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు పొగ లేకుండా ఇదొక్కటే రావచ్చు. తలనొప్పి, వికారం, నీరసం, అచ్చం ఫ్లూలా ఉంటుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికి వెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ మొదలైతే అది ఫ్లూ కాదు. ప్రతి అంతస్తులో, పడకగదుల బయట దీన్ని పసిగట్టే అలారం ఉందా? ఉంటే దాని వెనక తేదీ చూడండి, వాటికీ ఎక్స్‌పైరీ ఉంటుంది. ఇల్లు పాతది కాబట్టి అవీ పాతవే అయ్యుంటాయి.

మసి చేత్తో ముట్టుకోవద్దు, మాస్క్ లేకుండా దులపొద్దు. వంకాయ కాల్చిన మసి లాంటిది కాదిది. 1775లోనే లండన్‌లో పెర్సివల్ పాట్ అనే సర్జన్ చిమ్నీలు దులిపే వాళ్లకి వచ్చే క్యాన్సర్ ఈ మసి వల్లేనని రాశాడు, చేసే పని వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పిన తొలి పరిశీలనల్లో అదొకటి, మాకు కాలేజీలో చెప్పారు. ఎన్95 అయినా పెట్టుకోండి, కళ్లద్దాలు, చేతి తొడుగులు, పాత బట్టలు, అయ్యాక స్నానం.

మిషిగన్_మామ

హుడ్ సంగతి నేను మర్చేపోయా, మంచిమాట గుర్తు చేశారు సిస్టర్. మనవాళ్ల ఇళ్లలో ఇది మామూలే, మిరపకాయ ఘాటు బయటికి పోవాలని 900 సీఎఫ్‌ఎం (అంటే నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి లాగే) హుడ్డులు పెట్టిస్తారు. ఇల్లు బిగుతుగా ఉంటే అంత గాలి బయటికి లాగినప్పుడు లోపలికి ఎక్కడినుంచో రావాలి కదా, సులువైన దారి చిమ్నీయే. పైకి పోవాల్సిన పొగని కిందికి లాగేస్తుంది. అమెరికాలో చాలాచోట్ల బిల్డింగ్ కోడ్ 400 సీఎఫ్‌ఎం దాటితే బయటి గాలి రావడానికి విడిగా దారి పెట్టమంటుంది, పాత ఇంట్లో తర్వాత తగిలించిన హుడ్‌కి ఎవరు చూస్తారు! స్టవ్ మండుతున్నప్పుడు హుడ్ చిన్న స్పీడ్‌లో పెట్టి, వంటగది కిటికీ రెండంగుళాలు తీసి తాలింపు వేసుకోండి. బట్టలు ఆరబెట్టే డ్రయర్, బాత్రూమ్ ఫ్యానూ కూడా ఇదే పని చేస్తాయి కానీ అంత కాదు.

గోదారి_అత్తమ్మ

నేను రాజమండ్రి దగ్గర ఉంటాను. మా అమ్మాయి కెనడాలో ఇల్లు తీసుకుంది, అక్కడా ఇలాంటి స్టవ్వే ఉందట, అందుకని చదువుతున్నాను. నాకు మీ లైనర్లూ మీటర్లూ తెలియవు కానీ కట్టెల పొయ్యి మీద ముప్పై ఏళ్లు వండాను. పచ్చి కట్టె చూడగానే తెలుస్తుంది బాబూ. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడు, ఎండినవైతే టంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి. ఎండిన కట్టె చివర్లు నెర్రెలు విచ్చి ఉంటాయి, బెరడు చేత్తో లాగితే ఊడొస్తుంది, చేతికి తేలిగ్గా ఉంటుంది. పచ్చిదాన్ని పొయ్యిలో పెడితే వెనక చివర నురగలు కక్కుతూ సుయ్యిమంటుంది. మేము వానాకాలానికి సరుగుడు కట్టెలు వేసవిలోనే కొని వసారాలో పేర్చేసేవాళ్లం.

ఇంకొకటి, బూడిద ఎలా పారేస్తున్నావో రాయలేదు. మా కాలంలో అగ్గిపెట్టె ఖర్చెందుకని రాత్రి నిప్పులు బూడిదలో కప్పెట్టి పొద్దున్నే పైన ఊది మళ్లీ పొయ్యి రాజేసేవాళ్లం. నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు. పైకి చల్లగా ఉందని అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ చెత్తబుట్టలోనో పోసేవు.

వెర్మాంట్‌వాసి

అమ్మా, ఆ నివురు మాట ఇక్కడ ప్రతి ఫైర్ స్టేషన్ గోడ మీద రాయించాలి. మీ మీటర్ అక్షరాలా నా 30 డాలర్ల మీటర్ కంటే ముందు పుట్టింది.

బూడిద విషయంలో ఆవిడ చెప్పిందే ఇక్కడివాళ్లూ చెబుతారు. మూత గట్టిగా పట్టే ఇనుప బకెట్‌లోకి తీయాలి, దాన్ని ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో, మట్టి మీదో కాంక్రీట్ మీదో పెట్టాలి. చెక్క డెక్ మీద మాత్రం వద్దు. నాలుగు రోజుల తర్వాత కూడా లోపల ఎర్రటి కణిక కనపడొచ్చు. నేనైతే ఓ వారం వదిలేస్తా.

కొత్తిల్లు గారూ, కాల్చే పద్ధతి కూడా మార్చుకోండి. రాత్రంతా మగ్గబెట్టడం మానేయండి. చిన్న కట్టెలతో మంట బాగా లేచేలా కాల్చి, బొగ్గులయ్యాక గాలి కొంచెం తగ్గించండి, ఇల్లు వెచ్చబడ్డాక ఆరిపోయినా పర్లేదు, దుప్పటి ఉంది. ఒంటి పొర నల్ల గొట్టం అయితే దానికి అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ పెట్టండి, రెండు పొరల గొట్టానికి అది పనికిరాదు, లోపలికి గుచ్చేది కావాలి. అలాగే ఆ గొట్టానికీ దగ్గరున్న చెక్క గోడకీ ఎంత దూరం ఉందో టేపుతో కొలవండి, ఒంటి పొరైతే 18 అంగుళాలు కావాలి.

కొత్తిల్లు_603

మూడు వారాల తర్వాత వస్తున్నా, అందరికీ చాలా థాంక్స్. కప్పు ఎక్కలేదు, స్టవ్ వెలిగించలేదు, స్వెటర్లు వేసుకుని గడిపాం.

నిన్న చిమ్నీ దులిపేవాళ్లు ఇద్దరు వచ్చారు. పైకెక్కినవాడు ముందు చిమ్నీ టోపీ తీసి కిందికి పట్టుకొచ్చి చూపించాడు, పిట్టలు రాకుండా చుట్టూ ఉండే జాలీ దాదాపు మొత్తం మూసుకుపోయి ఉంది, ఏదో నల్లటి తేనెపట్టులా. పొగ వెనక్కి రావడానికి హుడ్ ఒక్కటే కాదు, ఇదీ కారణమే అన్నాడు. కెమెరా దించితే లైనర్ ఉంది, పగుళ్లు లేవు, కానీ దాని చుట్టూ ఇన్సులేషన్ లేదు. పై నాలుగడుగుల్లో వెర్మాంట్ గారు చెప్పిన ఆ మెరిసే తారు ఉంది. కింద పెచ్చులే కాబట్టి అవి వచ్చేశాయి, బకెట్‌లో సగం పైన. పై దానికి మందు చల్లి వెళ్లాడు, రెండు వారాల్లో మళ్లీ వచ్చి గొలుసుల మిషన్‌తో కొడతాడట, అప్పటిదాకా వెలిగించొద్దన్నాడు. ఇప్పటికి 410 డాలర్లు అయింది, రెండోసారికి విడిగా. చేయించకపోతే ఎంతయ్యేదో అడిగా, అతను నవ్వి మా ఇంటి వైపు చూశాడు.

మీటర్ కొన్నా. టార్పాలిన్ కింద కట్టెలు చీల్చి గుచ్చితే 31, 34, ఒకటైతే 38. అత్తమ్మ గారు చెప్పినట్టు కొట్టి చూస్తే అన్నీ దబ్బుమన్నాయి. వాటిని విప్పి, కింద ప్యాలెట్లు వేసి, ఎండ తగిలే వైపు పేర్చాం, 2 సంవత్సరాల తర్వాత చూద్దాం. ఈ ఏడాదికి బట్టీలో ఎండబెట్టిన కట్టెలు సగం కార్డు కొన్నా. అమ్మేవాడు ఎండినవే అన్నాడు, అయినా అక్కడే రెండు చీల్చి గుచ్చి చూశా, 17 వచ్చింది. వాడు నన్ను వింతగా చూశాడు, పర్లేదు.

అలారాల వెనక తేదీ చూశాం సిస్టర్, 2011. ఆ రోజు సాయంత్రమే మూడు కొత్తవి తెచ్చి పెట్టాం, మా ఆవిడే బిగించింది, కుర్చీ నేను పట్టుకున్నా.

ఒక చిన్న డౌట్ మిగిలింది. తలుపు చుట్టూ ఉన్న తాడు లాంటిది ఒకచోట అణిగిపోయి ఉంది. మార్చాలా? అతను చెప్పాడు కానీ హడావిడిలో సరిగ్గా వినలేదు.

మిషిగన్_మామ

ఒక డాలర్ నోటు తలుపు సందులో పెట్టి తలుపు మూసి లాగు. గట్టిగా పట్టుకుంటే బానే ఉన్నట్టు, జర్రున వచ్చేస్తే మార్చాలి. ఆ తాడు ఎంత మందమో కొలిచి అదే సైజు తెచ్చుకో, దానితోపాటే జిగురు కూడా అమ్ముతారు. పాతది గీకేసి, గాడిలో జిగురు పూసి, తాడుని సాగదీయకుండా ఊరికే పరుచుకుంటూ వెళ్లు. సాగదీస్తే తర్వాత కుంచించుకుని చివర్లో సందు వస్తుంది. నలుమూలలా నోటు పెట్టి చూడు, ఒక్కచోట చూసి వదిలేయకు.